గృహయంత్రములు: కారు సూది చెప్పు మాటలు

నిప్పు సంగతి మన యిల్లాండ్రకు ఒకరు నేర్పనక్కర లేదు. పాలు పొంగునని వంటయింటికి ఆవలనుండియే గ్రహించెదము. నూనె కాగినదో లేదో ఒక్క ఆవగింజ వేసి తెలిసికొనెదము. అయినను కారు నడుపుచుండగా ఎదుటనున్న చిన్న సూది ఎఱ్ఱ గీత వైపునకు పోయెనా, మన ధైర్యమంతయు జారిపోవును. బండి ఆపవలెనా, సాగిపోవలెనా, మూత తీయవలెనా, ఎవరిని పిలువవలెనా యని తత్తరపడుదుము. కావున ఈ మాసమున ఆ సూదిని గూర్చియే ముచ్చటింపదలచితిమి.

గడచిన వేసవిలో సికిందరాబాదు మారేడుపల్లి నుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. వారి భర్తగారికి మూత్రపిండముల వ్యాధి. వారమునకు మూడు మారులు డయాలిసిసు చేయింపవలెను. కుమారుడు పరదేశమున నున్నాడు. ఆ మూడు దినములును భర్తను ఆసుపత్రికి తీసికొనిపోవుట, మరల ఇంటికి తెచ్చుట ఆమె పనియే. ఇరువదియేండ్లు దాటిన చిన్న కారొకటి వారికి ఆధారము. ఆ కారులోని వేడి సూది కొన్ని వారములుగా పిచ్చిపట్టినట్లు ఆడుచున్నదట. ఒక్కసారిగా ఎఱ్ఱ గీతను తాకి మరల నడుమకు వచ్చుచున్నదట. మరమ్మతుశాలలోని మేస్త్రీ సూదిని చూచి, "హెడ్డు గాస్కెట్టు పోయినట్టున్నదమ్మా, ఇంజను విప్పాలె. నాలుగు దినాలు బండి మా దగ్గరుండాలె, పద్దెనిమిది వేలైతది" అనెను. కుమారుడు ఫోనులో, "ఆ పాత బండిని అమ్మివేయమ్మా, అద్దె కార్లలో తిరుగు" అనెను. "అక్కగారూ, నాలుగు రోజులు బండి లేకపోతే రెండుసార్లు ఆసుపత్రికి ఎలా వెళ్ళేది? డబ్బు సంగతి సరే, అసలు రోగమేదో తెలియకుండా ఇంజను కోయించడమా?" అని ఆమె మమ్ము అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. మనుష్యునకైనను పరీక్ష చేయక శస్త్రము పట్టరు గదా!

మొదట ఈ సూది పుట్టుపూర్వోత్తరములు కొంచెము తెలిసికొందము. మోటారుబండి చరిత్రలో మొట్టమొదటి దూరప్రయాణము చేసినది ఒక యిల్లాలే. 1888వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీ దేశమున బెర్తా బెంజి అను నామె, భర్తకు ముందుగా చెప్పకయే, అతడు నిర్మించిన మూడు చక్రముల బండిలో తన కుమారు లిద్దరిని కూర్చుండబెట్టుకొని మాన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైమునకు పోయెను. దూరము నూరు కిలోమీటర్లకు పైబడియే యుండెను. ఇంధనము చాలక దారిలో మందుల అంగడిలో కొనెను. ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీ పిన్నుతో శుభ్రపరచెను. ఆ బండి యింజను నీటిని ఆవిరిగా విడిచి చల్లబడునది. కావున దారి పొడవునను నీరు పోయుచునే పోవలసివచ్చెను. అపుడు సూదియు లేదు, మీటరును లేదు. ఆమె కన్నే సూది.

1910 తరువాతి యేండ్లలో అమెరికాలో బాయిసు మోటోమీటరు అను ఉష్ణమాపకము వాడుకలోనికి వచ్చెను. అది రేడియేటరు మూతమీదనే నిలిచియుండెడిది. నడుపువారు ముందరి అద్దములోనుండి దానిని చూచుకొనెడివారు. పిమ్మట ఆ మాపకము మూతమీదినుండి దిగి మన యెదుటి పలకలోనికి వచ్చినది. అట్లు వచ్చుటలోనే చిక్కు పుట్టినది. వేడి యున్నది ఇంజనులో, సూది యున్నది మన యెదుట. రెండింటికిని నడుమ నొక తీగె వార్తాహరునివలె నడచుచున్నది. వార్తాహరుడు తడబడినచో రాజు క్షేమముగా నున్నను దుర్వార్తయే చేరును. ఈ యొక్క మాట మనసున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభము.

ఇంజనులో పెట్రోలు మండునపుడు పుట్టు వేడిలో చాల భాగమును దాని చుట్టు తిరుగు నీరు గ్రహించును. ఒక చిన్న పంపు ఆ నీటిని తిప్పుచుండును. నీరు సుమారు 82 డిగ్రీలు కాగువరకు థర్మోస్టాటు అను తలుపు మూసికొనియుండును. ఇంజను త్వరగా కాగుటకు అదియే ఉపాయము. పిమ్మట తలుపు తెరచుకొని నీరు ముందరనున్న రేడియేటరులోనికి పోయి, గాలికి చల్లబడి, తిరిగి వచ్చును. 95 డిగ్రీల ప్రాంతమున విద్యుత్తు పంకా తిరుగనారంభించును. అంబాసిడరువంటి పాత బండ్లలో పంకా బెల్టుతో ఇంజను వెంటనే తిరుగుచుండును. మారుతి 800 వంటి చిన్న కార్లలో కావలసినపుడు మాత్రమే తిరుగును. ఈ కార్ల తయారీ 2014లోనే ముగిసినను మన వీథులలో అవి యింకను కనబడుచునే యున్నవి.

రేడియేటరు మూత వట్టి మూత కాదు. అది మన కుక్కరు మూతకు తోబుట్టువు. సికిందరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల యెత్తున నున్నది గాన ఇచ్చట మూత లేని గిన్నెలో నీరు 98 డిగ్రీలకే మరుగును. ఆ మూతలోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని నిలిపియుంచుట చేత అదే నీరు 115 డిగ్రీలు దాటువరకు మరుగదు. ఆవిరి పోకముందే కుక్కరు మూత తీయుదుమా? వేడిగా నున్న రేడియేటరు మూత తీయుటయు అట్టిదే. ఒత్తిడి పోయిన మరుక్షణమే లోపలి నీరంతయు ఒక్కసారి మరిగి ముఖముమీదికిని చేతులమీదికిని చిమ్మును. తడిగుడ్డ వేసి తీసినను ప్రమాదము తప్పదు. ఇంజను ఆపి అరగంటకు పైగా వేచి, చేతికి చల్లగా తగిలిన పిమ్మటనే మూత ముట్టుకొనవలెను. ఈ వ్యాసములో మరేమి మరచినను ఈ మాట మరువకుడు.

ఇక సూది నడకలు. వైద్యుడు నాడి చూచినట్లు మనము సూది నడకను చూడవలెను.

సూది మెల్లమెల్లగా, నాలుగైదు నిమిషములలో, నడుమ గీతను దాటి పైకి పోవుచున్నచో దానిని నమ్మవలెను. అది నిజమైన వేడి. నీరు తగ్గియుండవచ్చును, పంకా తిరుగకపోవచ్చును, రేడియేటరు పూడుకొనియుండవచ్చును, థర్మోస్టాటు తెరచుకొనక పోవచ్చును.

సూది రెప్పపాటున ఎఱ్ఱ గీతకు ఎగిరి, మరల రెప్పపాటున దిగినచో అది వేడి కాదు, విద్యుత్తు. కొన్ని లీటర్ల నీరును, దాని చుట్టునున్న లోహమంతయును ఒక్క క్షణములో కాగి మరుక్షణమున చల్లారుట యెట్లు పొసగును? బిందెడు నీరు కాచినవారెవ్వరును దానిని నమ్మరు.

పెట్రోలు సూదియు వేడి సూదియు రెండును కలిసి తప్పుడు నడక నడచినచో, లేదా దీపములు వేసినపుడెల్ల కదలినచో, ఆ రెండింటికిని ఉమ్మడిగానున్న విద్యుత్తు సరఫరాలోగాని, భూసంబంధపు తీగెలోగాని లోపమున్నదని యెరుగవలెను. మేస్త్రీలు దీనినే ఎర్తు సరిగా లేదందురు.

సూది ఎప్పుడును అడుగుననే యుండి, ఎంత దూరము పోయినను నడుమకు రానిచో తీగె తెగియుండవచ్చును, లేదా థర్మోస్టాటు తెరచుకొనియే నిలిచిపోయి యుండవచ్చును.

అన్నిటికంటె మోసకరమైన నడక యింకొకటి గలదు. సూది పైకి పోయి, పోయి, హఠాత్తుగా అడుగునకు పడిపోవును. "అమ్మయ్య, చల్లబడినది" అని మనము సంతోషింతుము. నిజమునకు నీరంతయు కారిపోయి, వేడిని కనిపెట్టు పరికరము నీటిలో గాక వట్టి గాలిలో నిలిచియుండుటచే అది తక్కువ వేడిని చెప్పుచుండవచ్చును. ఇంజను మాత్రము మాడిపోవుచుండును. గిన్నెలో నీరింకిపోయిన తరువాత కుతకుత శబ్దము ఆగినట్లే ఇదియును. అట్టి సమయమున వెంటనే బండి ఆపవలెను.

ఆ సోదరికి మేము మొదట చెప్పినది ఒక్కటే: "పాలలెక్క వ్రాయునట్లు వారము దినములు సూది లెక్క వ్రాయుడు. ప్రతి ఉదయము బండి చల్లగా నున్నపుడు నీటిసీసాలోని గుర్తును చూడుడు. ఈలోపల సూది మెల్లగా పైకెక్కినచో బండిని ఆపి మాకు తెలుపుడు." ఆమె శ్రద్ధగా వ్రాసిరి. సోమవారము మెట్టుగూడ దారిలో స్పీడు బ్రేకరు దాటగానే సూది ఎఱ్ఱ గీతకు ఎగిరెను, రెండు క్షణములలో దిగెను, పంకా తిరుగలేదు. బుధవారము మరియొక గుంతలో అట్లే జరిగెను. శుక్రవారము చదునైన దారిన ఇరువది నిమిషములు పోయిరి. సూది నడుమ కదలక నిలిచెను. రాత్రి దీపములు వేసి చూచిరి, మార్పు లేదు. పెట్రోలు సూది ఎన్నడును తప్పలేదు. ఆదివారపు పుటలో చివరి పంక్తి ఇట్లుండెను: "నీటిసీసాలో సోమవారంకన్నా ఒక వేలెడు తక్కువ."

ఆ పుటలు చదివినప్పుడు సగము రోగము బయటపడెను. కుదుపునకు మాత్రమే సూది యెగురుచున్నది. కావున ఎక్కడనో తీగె కదలుచున్నది. దీపములకు కదలలేదు, పెట్రోలు సూది చెడలేదు. కావున ఉమ్మడి సరఫరా మంచిదే. కాని ఆ చివరి పంక్తి మమ్ము కలవరపెట్టెను. దాని సంగతి ముందు చెప్పెదము.

మరునాటి యుదయము, బండి రాత్రంతయు చల్లారియుండగా, మేము వారి యింటికి పోయితిమి. ఇంజనులోని నీటిని తాకుచు ఒక చిన్న ఇత్తడి పరికరముండును. దానిని మేస్త్రీలు సెండరందురు. నీరు చల్లగా నున్నపుడు అది విద్యుత్తును గట్టిగా అడ్డగించును. కాగిన కొలదియు అడ్డు తగ్గించి ఎక్కువ విద్యుత్తును పోనిచ్చును. సూది ఎక్కుటకు కారణమిదియే. కావున తీగె తెగినచో సూది చల్లదనమును చూపును. తీగె దారిలో ఇనుమును తాకినచో విద్యుత్తు అడ్డులేక పారిపోయి సూది ఎఱ్ఱ గీతకు పరుగెత్తును.

ఇంజను నడపక, తాళము మాత్రము తిప్పి యుంచితిమి. సెండరునకున్న ఒంటి తీగెను ఊడదీయగా సూది అడుగున నిలిచెను. ఆ తీగె కొసను ఇంజను ఇనుమునకు ఒక్క క్షణము తాకించగా సూది పైకి పోయెను. దీనిచే సూది బాగున్నదని తేలినది. ఎక్కువసేపు తాకించరాదు, మీటరు చెడవచ్చును. పిమ్మట తీగె కొసను గాలిలోనే పట్టుకొని, దాని పొడవును వ్రేళ్ళతో మెల్లగా కదలించితిమి. బ్యాటరీ పళ్ళెము చెంతకు రాగానే సూది చివుక్కున ఎగిరెను! సెండరును ఊడదీసి యుండగనే సూది యెగిరినది గాన సెండరు నిర్దోషి. వేడికిని ఈ గంతునకును సంబంధమే లేదు. దీపము పట్టి చూడగా, ఇనుప అంచుమీద ఏండ్లతరబడి ఒరసికొని తీగె పైతొడుగు గోరంత మేర అరిగిపోయి, లోపలి రాగి మెరయుచుండెను.

ఈ పరీక్ష ఒంటి తీగె గల పాత సెండరులకు మాత్రమే తగును. రెండు మూడు తీగెలుండి కంప్యూటరుతో కలిసియున్న క్రొత్త బండ్లలో ఇట్లు తీగెను ఇనుమునకు తాకింపరాదు. తెలియనిచో తెలిసినవారికి విడుచుట మేలు.

ఇప్పుడా వేలెడు నీటి సంగతి. ఇంజను క్రింది నీటిగొట్టము అతుకువద్ద తెల్లని పొరలు కట్టియుండెను, మన బోరునీటి గిన్నె అడుగున కట్టు పొరవంటిది. అచ్చట నీరు చెమర్చి, ఇంజను వేడికి ఆరిపోవుచున్నది. నేలమీద చుక్కయైన కనబడదు. అంటే సూది అబద్ధమాడుచున్న కాలముననే నిజమైన ప్రమాదమొకటి దాని వెనుక దాగియుండెను.

అపుడు ఆ సోదరి ముఖము వెలవెలబోయెను. ఆసుపత్రి నుండి నీరసముగా వచ్చుచు ఆమె భర్తగారు ప్రతిసారియు సూదినే చూచి కంగారుపడుచుండిరట. ఆయనను ఊరడించుటకు ఆమె, "అది అబద్ధాల సూదండీ, దాన్ని చూడకండి" అనుచు వచ్చిరి. వారము వారము తానును చూచుట మానివేసిరి. "ఆ గొట్టం ఏ మధ్యాహ్నమో ఊడిపోయి, నిజంగానే సూది ఎక్కి ఉంటే నేను చూసేదాన్నే కాదు" అని ఆమె మెల్లగా అనిరి. మేమేమియు బదులు చెప్పలేకపోతిమి. అబద్ధపు సూచన చేయు గొప్ప కీడు ఇదియే. అది మనలను భయపెట్టుటతో తృప్తిపడదు, నిజమైన సూచనను గూడ లెక్కచేయకుండ నలవాటు చేయును. కావున "ఇంజను బాగుగనే యున్నది గదా, సూది చెడిన నేమి" అని ఉపేక్షింపరాదు. చెడిన సూదిని బాగుచేయించుట ఇంజనును కాపాడుటలో మొదటి భాగము.

మోటారు విడిభాగముల అంగళ్ళకు మన సికిందరాబాదు రాణీగంజి పేరుపడినది గదా! అచ్చట గొట్టము, క్లిప్పులు, రబ్బరు గట్టిపడిన పాత మూతకు బదులు అదే ఒత్తిడి గల క్రొత్త మూత కొంటిమి. ఎలక్ట్రీషియను అరిగిన తీగె ముక్కను మార్చి పైన తొడుగు వేసెను. అన్నియు కలిపి పదునైదు వందల రూపాయలు దాటలేదు. పని ఒక్క పూటలో ముగిసెను. అటుపిమ్మట మొదటి మేస్త్రీ వద్దకే పోయి, గాస్కెట్టు సంగతి తేల్చుమంటిమి. అతడు రేడియేటరునకు గాలి పంపు తగిలించి ఒత్తిడి పరీక్ష చేసెను, ఒత్తిడి నిలిచెను. ఇంజను నూనె తేటగా నున్నది. నీటిలో బుడగలు రాలేదు. అతడు తల గోకికొని, "సూదినే నమ్మిన్నమ్మా, తీగె చూడలే" అనెను. అతడు మోసగాడు కాడు, తొందరపడినాడు, అంతియే. తొందర మనకును ఉన్నదే.

నిజముగా గాస్కెట్టు చెడినచో గురుతులు వేరు. నూనె పోయు మూత క్రింద కాఫీలో పాలు కలిపిన రంగున జిగట కట్టును. పొగగొట్టమునుండి తెల్లని పొగ ఆగక వచ్చును. ఎచ్చటను కారకయే నీరు తరుగును. రేడియేటరు నీటిలో బుడగలు లేచును. ఇంజను విప్పుటకు ఒప్పుకొనకముందు మేస్త్రీని ఈ మూడు మాటలు అడుగుడు: "ఒత్తిడి పరీక్ష చేసినారా? నూనె చూచినారా? సూదిని, తీగెను విడిగా పరీక్షించినారా?" మర్యాదగా అడిగిన ప్రశ్నకు పనితెలిసిన మేస్త్రీ యెవ్వడును కోపింపడు.

దారిలో సూది నిజముగానే మెల్లగా పైకి పోవుచున్నచో ఏమి చేయవలెను? ముందు ఏసీ ఆపుడు. హీటరును పూర్తిగా తెరవుడు; వేసవిలో ప్రాణము ఉక్కిరిబిక్కిరియగును గాని ఇంజనులోని వేడి కొంత బయటికి లాగబడును. సూది ఎఱ్ఱ గీతను చేరకముందే నీడపట్టున బండి నిలిపి ఇంజను ఆపుడు. ఆవిరి వచ్చుచున్నచో బానెట్టు ఎత్తకుడు. కాగిన యింజనులో చన్నీరు పోయరాదు. కాలిన మట్టిమూకుడుమీద చన్నీళ్ళు చల్లినట్లగును. లోహము వంగుటయో పగులుటయో సంభవించును. "ఇంకొక కిలోమీటరే గదా" అని సాగిన ఆ కిలోమీటరే ఇంజను ఖరీదు చేయును.

రేడియేటరులో బోరునీరు పోయకుడు, పొరలు కట్టును. శుద్ధజలముతో కలిపిన కూలెంటునే బండి పుస్తకములో చెప్పిన పాళ్ళలో పోయుడు. ఆ కూలెంటులో ఎథిలీను గ్లైకాలను ద్రవముండును. అది రుచికి తియ్యన, కడుపునకు విషము. దానిని పానీయపు సీసాలలో పోసి యింటిలో నుంచరాదు. పిల్లలకును పెంపుడు కుక్కలకును అందని చోట పేరు వ్రాసి యుంచవలెను.

ఆ సోదరి మొన్న మరల జాబు వ్రాసిరి. బండి ఇప్పటికిని వారమునకు మూడు మారులు ఆసుపత్రికి పోయి వచ్చుచున్నది. సూది నడుమ గీతవద్ద నిలిచియున్నది. నీటిసీసా లెక్క మాత్రము ఆమె మానలేదు. అయితే ఇప్పుడా పుస్తకము భర్తగారి చేతిలో నున్నదట. ప్రతి సోమవారము ఉదయము, బండి చల్లగా నున్నపుడు, ఆయనే పోయి గుర్తు చూచి వ్రాయుచున్నారు. ఇల్లు కదలలేని దినములలో తనకొక పని దొరికినదని ఆయన సంతోషించుచున్నారట.

సోదరీమణులారా! మీ యింటి బండి నీటిసీసామీద రెండు గీతలుండును. రేపటి యుదయము కాఫీ కాచుటకు ముందు ఒకమారు పోయి చూచి, నీరు ఆ రెంటి నడుమ నున్నదో లేదో వ్రాసిపెట్టుకొనుడు. వచ్చు మాసమున బ్యాటరీని గూర్చి వ్రాసెదము.